ఒక్క గొంతు, ఒక్క ఆర్గాన్: కచేరీయా? ఆరాధనా?



మట్టల ఆదివారానికి ముందు వచ్చే శనివారం సాయంత్రం మన మందిరంలో ఒక గంటసేపు కూటం పెట్టాలని నేను కమిటీ ముందు ఉంచిన సంగతి మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. సబ్బవరంలో మాట నాకంటే ముందే ఇల్లు చేరుతుంది. ఆ గంటలో పాత కాలి ఆర్గాన్ ఒకటి, పాడే అమ్మాయి ఒకతె, అంతే. కీబోర్డు ఉండదు, ప్యాడ్స్ ఉండవు, సౌండ్ బాక్సులు ఉండవు. నేను ప్రసంగం చేయను. కానుక సంచి తిప్పం. పాట అయ్యాక చప్పట్లు కూడా వద్దన్నాను.

కమిటీలో వచ్చిన మాటలు దాచకుండా రాస్తాను. "అయ్యగారూ, వాక్యం లేకుండా కూటమేమిటండీ" అని ఒకరు. "ఇది పట్నంలో పెద్ద గుళ్ళలో ఇంగ్లీషువాళ్ళు చేసే పద్ధతి, మన పల్లెటూరికి ఎందుకు" అని ఇంకొకరు. "యూత్ నిద్రపోతారు" అన్నది యూత్ లీడరే. ఒక పెద్దాయన మాత్రం చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని చివర్లో అన్నారు: "ఒక్కరు పాడి అందరూ వింటే అది కచేరీ అయ్యగారూ. అందరూ పాడితేనే ఆరాధన." ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆయన కోసమే, ఆయన వయసుకూ మాటకూ ఉన్న గౌరవంతోనే రాస్తున్నాను.

దానికి ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి.

మూడేళ్ళ క్రితం గుడ్ ఫ్రైడే ఆరాధన. ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు, అందులో ఇద్దరు బయటి నుంచి వచ్చినవారు. నాలుగో మాట అయ్యేసరికే గంటన్నర ఆలస్యం. మన సంఘంలో ఒక ముసలమ్మగారు ప్రతి గుడ్ ఫ్రైడేకూ ఒకే కీర్తన పాడేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనిదే, పురుషోత్తమ చౌదరి గారిది. ఆమెకు చదువు రాదు. నేర్చుకున్నదంతా చిన్నప్పుడు విని పట్టుకున్నదే. ఆ రోజు ఆమె లేచి నిలబడగానే కీబోర్డు అబ్బాయి శ్రుతి వెతికి, అలవాటు కొద్దీ రిథమ్ ఆన్ చేశాడు. ఆమె పాట ఆ దరువులో ఇమడలేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగారు. "నాకీ దరువు రాదు బాబూ, ఒట్టినే పాడుకుంతాను" అన్నారు. అప్పుడు నేను గడియారం చూసుకుని మైకులో, "అమ్మా, టైము లేదు, ఒక్క చరణం పాడి ముగించండి" అన్నాను. ఆమె నా వైపు చూశారు. తరువాత పాడకుండానే కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకునికి నేను నలభై నిమిషాలు ఇచ్చాను.

ఆమె తరువాతి ఆదివారం కూడా వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వానాకాలంలోనే ప్రభువు ఆమెను పిలుచుకున్నారు. భూస్థాపన దగ్గర ఆమె కీర్తనే పాడదామని పుస్తకం తెరిచాం. పైన రాగం పేరు ఉంది, తాళం పేరు ఉంది, చరణాలన్నీ ఉన్నాయి. ఆమె పాడిన బాణీ మాత్రం అక్కడున్న ఎనభై మందిలో ఒక్కరికీ రాలేదు. ముప్పై ఏళ్ళు విన్నాం కదా అనుకున్నాం. విన్నామో, మా వంతు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నామో తెలియదు. చివరికి వేరే పాట పాడి మట్టి వేశాం.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. అందరూ పాడటం మన సంఘాలకు ప్రాణం, కాదనను. కానీ లేఖనంలో ఒక్కరు పాడితే మిగతావారు విన్న చోట్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. హన్నా పాడింది ఒక్కతే. మరియ పాడింది ఒక్కతే, విన్నది ఎలీసబెతు ఒక్కరే. సౌలు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయించాడు, అక్కడ సౌలు పాడలేదు. మోయాబు మీదికి వెళ్తూ నీళ్ళు లేక ముగ్గురు రాజులు ఎలీషా దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన ముందుగా అడిగింది వీణ వాయించేవాణ్ణి. వాయిస్తుండగా ప్రభువు హస్తం ఆయన మీదికి వచ్చిందని రాజుల రెండవ గ్రంథం మూడో అధ్యాయంలో ఉంది. ఆ వాయిద్యానికి మాటలు ఉన్నట్టు అక్కడ రాయలేదు. వాక్యం లేకుండా కూటమేమిటని అడిగిన సహోదరుడు ఈ అధ్యాయం ఇంటి దగ్గర తీరిగ్గా చదవాలని నా మనవి. ప్రవక్త నోటికి వాక్యం రావడానికి ముందు ఆయన చెవికి సంగీతం అవసరమైంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫిలిప్పీ చెరసాల. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం. మధ్యరాత్రి, కాళ్ళు బొండలో ఉన్న ఇద్దరు మనుషులు పాడుతున్నారు. భూకంపం గురించి, తెరుచుకున్న తలుపుల గురించి మనం వందసార్లు ప్రసంగించాం. కానీ భూకంపానికి ముందు లూకా ఒక చిన్న సంగతి రాశాడు: మిగతా ఖైదీలు వింటున్నారని. వాళ్ళకు ఆ పాట రాదు, ఆ దేవుడు తెలియదు. వాళ్ళు చేయగలిగింది వినడమే. లూకా దాన్ని వదిలేయకుండా రాశాడంటే దానికి విలువ ఉందనే కదా. మన మందిరానికి వచ్చేవాళ్ళలో పాడలేనివాళ్ళు ఎంతమంది! కొడుకు పోయిన తల్లి పాడలేదు. కాంట్రాక్టు పని పోయి మూడు నెలలు ఇంట్లో చెప్పకుండా గాజువాక వెళ్ళి వస్తున్న మనిషి పాడలేడు. చేతులెత్తండి, గట్టిగా పాడండి, పక్కవాళ్ళకు చెప్పండి అని నేను ముందు నుంచి అరుస్తుంటే ఆ మనిషి ఎక్కడ దాక్కోవాలి? ఆయన కోసం ఇంకొకరు పాడే గంట ఒక్కటైనా ఉండాలంటున్నాను.

ఇది ఇంగ్లీషువాళ్ళ పద్ధతి అన్నదానికి పెద్దగా వాదించను. వయొలిన్ కూడా ఐరోపా నుంచి వచ్చిందే. మన పక్కనే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఇప్పుడు దాన్ని ఇంగ్లీషు వాయిద్యం అనేవాళ్ళెవరు? నారాయణదాసు గారి హరికథ మాత్రం ఏమిటి, ఒక్క మనిషి నిలబడి పాడితే ఊరంతా కూర్చుని వినడమే కదా. మన ఉత్తరాంధ్రకు వినడం కొత్త కాదు. 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగేనాటికే ఇక్కడివాళ్ళు రాత్రంతా కూర్చుని కథలు వినేవాళ్ళు. చౌదరి గారు పుట్టింది దానికి రెండేళ్ళ ముందు, 1803లో. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890లో చనిపోయేవరకు రాసిన కీర్తనలు మన దేశపు రాగాల్లోనే రాశారు. అంటే ఆ శనివారం మీరు వినబోయేది ఇక్కడి రాగం, అక్కడి పెట్టె.

ఆ పెట్టె గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి.

మన పెద్దలు దాన్ని ఆర్గాన్ అంటారు, నాటకాలవాళ్ళు ఇలాంటిదాన్ని లెగ్ హార్మోనియం అంటారు. పెద్ద గుళ్ళలో గొట్టాలతో గోడంత ఉండే ఆర్గాన్ వేరు. ఆ గొట్టాల వాయిద్యం క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో క్తేసిబియస్ అనే ఆయన చేశాడు. రోమువాళ్ళు దాన్ని మల్లరంగాల్లో వాయించారు. అది గుళ్ళోకి వచ్చింది ఎన్నో వందల ఏళ్ళ తరువాత. మనది చిన్నది, గొట్టాలు లేనిది, లోపల ఇత్తడి నాలుకలు ఉన్నది. కాళ్ళతో రెండు పెడళ్ళు తొక్కితే తిత్తిలో గాలి బయటికి పోతుంది. మీట నొక్కగానే బయటి గాలి ఆ ఇత్తడి నాలుకను దాటుకుని లోపలికి వస్తుంది. ఆ రావడంలో అది మోగుతుంది. చేతి హార్మోనియంలో గాలిని బయటికి నెడతాం, ఇందులో లోపలికి లాగుతాం. మోకాలికి తగిలే చెక్క ఒకటి ఉంటుంది, దాన్ని పక్కకు నెడితే స్వరం పెరుగుతుంది. ముందు వరుసలో నాబ్‌లు ఉంటాయి. ఒకదాని మీద లాటిన్‌లో మనిషి గొంతు అని అర్థం వచ్చే పేరు ఉంది, వోక్స్ హ్యూమానా. లాగితే లోపల చిన్న రెక్క తిరిగి స్వరం వణకాలి. మనదాంట్లో ఆ నాబ్ ఊడి చేతికొస్తుంది. మనిషి గొంతును మనుషులకే వదిలేశామన్నమాట.

పదేళ్ళుగా అది వెనక గదిలో గుడ్డ కప్పి ఉంది. ఎలుకలు తిత్తి కొరికేశాయి. పాత సామాన్లవాడికి ఇచ్చేసి ఆ డబ్బుకు ఇంకొంత వేసి కొత్త బాక్సులు కొందామని కమిటీలో తీర్మానం దాదాపు అయిపోయింది. నేను కూడా సరే అన్నవాణ్ణే. ముసలమ్మగారి భూస్థాపన అయ్యాక ఒక రోజు ఆ గదిలోకి వెళ్ళి గుడ్డ తీసి చూశాను. తొక్కితే బుస్సుమని గాలి పోయింది, శబ్దం రాలేదు.

బాగు చేయించడానికి విశాఖలో అడిగితే ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు లేరన్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మన సహోదరుడు ఒకాయన వచ్చి చూశారు. "అయ్యగారూ, మా దగ్గర కొలిమికి గాలి కొట్టడమే కదా సగం పని. ఇదీ కొలిమి తిత్తే. రేకూ కర్రా నేను చూస్తాను, తోలు మాత్రం నావల్ల కాదు" అన్నారు. అప్పుడు ఇంకొక తాతగారు, ఎప్పుడూ చివరి వరుసలో కూర్చునే ఆయన, ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, మేక తోలు తెస్తే తాను కుట్టగలనన్నారు. ఆ మాట చాలా మెల్లగా అన్నారు. మన సంఘంలో ఎన్ని కుటుంబాలకు తోలు పని తాతల నాటిదో మనకు తెలుసు. దాన్ని గురించి మనం ఎందుకు మాట్లాడమో కూడా తెలుసు. పిల్లలకు లా యూనివర్సిటీలో సీటు వచ్చిందని చెప్పుకుంటాం, ముత్తాత చెప్పులు కుట్టాడని చెప్పుకోం. ఆయన చేతులు నలభై ఏళ్ళుగా ఆ పని చేయలేదు. మందిరం వెనక నీడలో కూర్చుని నాలుగు రోజులు కుట్టారు. మూడో రోజుకి ఇద్దరు కుర్రాళ్ళు పక్కన చేరి చూస్తున్నారు. ఆయన వాళ్ళకు తోలు ఎటు సాగుతుందో, ఎటు సాగదో చూపిస్తున్నారు. ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన ప్రసంగం ఏమీ లేదు, టీ తెచ్చి ఇచ్చాను.

ఈ పెట్టెకు లోటుపాట్లు లేవనను. మన సంగీతంలో స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు ఉంటుంది, గమకం అంటారు. మీటల వాయిద్యం అక్కడికి చేరలేదు. ఈ కారణంతోనే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 వరకు దాన్ని రానివ్వలేదు. పెద్ద పెద్ద విద్వాంసులు ఆ నిషేధాన్ని సమర్థించారు, వాళ్ళు చెప్పింది తప్పని అనడానికి నేను ఎవరిని. కానీ అందుకే గొంతు ఒక్కటి కావాలంటున్నాను. ఆర్గాన్ నిలబడి ఉంటుంది, గొంతు జారుతుంది. పెట్టె చేరలేని చోటికి మనిషి చేరతాడు, మనిషి ఊపిరి ఆగిన చోట పెట్టె పట్టుకుంటుంది. నలభై గొంతులు, ప్యాడ్స్, బాక్సులు కలిస్తే ఆ సన్నటి చోటు ఎవరికీ వినబడదు. పైగా మన మందిరం ఆరు వరసల రోడ్డు పక్కన ఉంది. లారీ హారన్‌తో పోటీపడి మనం వాల్యూం పెంచుతూ పోయాం. ఈ పోటీలో లారీయే గెలుస్తుంది.

చరిత్రలో కూడా ఈ తగాదా మనతో మొదలు కాలేదు. స్విట్జర్లాండ్‌లో జ్వింగ్లీ గారు స్వయంగా ఎన్నో వాయిద్యాలు వాయించగలిగినవారు, అయినా జ్యూరిక్ గుళ్ళలో ఆర్గాన్లు మూగవైపోయాయి. మనమందరం ప్రేమించే స్పర్జన్ గారి లండన్ టాబర్నకిల్‌లో వేలమంది ఆర్గాన్ లేకుండానే పాడేవారు. కమిటీలో ఒకరు దీన్ని గుర్తు చేశారు, నిజమే. అయితే అక్కడ కూడా ముందు ఒక్క మనిషి నిలబడి పాట ఎత్తుకునేవాడు, ఆ తరువాతే జనం అందుకునేవారు. బాక్ గారి సంగతి ఇంకా చిత్రం. ఆయన జర్మనీలో ఆర్న్‌స్టాట్ అనే చిన్న ఊరి గుళ్ళో ఆర్గాన్ వాయించే ఇరవై ఏళ్ళ కుర్రాడు. 1705లో నాలుగు వారాలు సెలవు పెట్టి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడిచి ల్యూబెక్ వెళ్ళాడు, మనం ఇక్కడి నుంచి విజయవాడ దాటి నడిచినట్టు. అక్కడ బుక్స్‌టెహూడె అనే ముసలి ఆర్గానిస్టు సాయంత్రం పూట గుళ్ళో సంగీత కూటాలు పెట్టేవాడు. అవి ఆరాధన క్రమంలో భాగం కాదు, ఆరాధన అయ్యాక జనం ఊరికే వచ్చి వినేవి. మన శనివారం కూటానికి తాత అదే అనుకోండి. కుర్రాడు నాలుగు వారాలకని వెళ్ళి నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగి వచ్చాక కమిటీ పిలిచి చీవాట్లు పెట్టింది. సెలవు సంగతే కాదు, కీర్తనల మధ్య వింత స్వరాలు కలిపి జనాన్ని తికమక పెడుతున్నావని కూడా. ఆ కమిటీ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. కమిటీ సభ్యులు నన్ను క్షమించాలి, ఇది చదివినప్పుడు నవ్వాపుకోలేకపోయాను.

ఆ బాక్ గారే 1727లో, వృద్ధుడైన సుమెయోను బాల యేసును చేతుల్లోకి ఎత్తుకున్న సందర్భం మీద, ఒక్క మగ గొంతు కోసం ఒక కాంటాటా రాశారు. ఇక చాలు, వెళ్ళిపోతాను అనే ముసలివాడి మనసు దానిలో ఉంటుంది. అందులో కోరస్ పెట్టలేదు. చావుకు సిద్ధపడే మాట గుంపుగా చెప్పేది కాదని ఆయనకు తోచిందేమో. ఆయన రాతప్రతుల చివర మహిమ దేవునికి మాత్రమే అని లాటిన్‌లో మూడక్షరాలు పెట్టుకునేవారు.

దీనితో అసలైన అభ్యంతరానికి వస్తున్నాం. పెద్దాయన నోటితో అనలేదు కానీ ఆయన మనసులో ఉన్నది ఇదే: ఒక్కరిని నిలబెడితే ఆ ఒక్కరికి గర్వం వస్తుంది. ఇది నిజమైన భయం. స్త్రీలు దావీదును పొగుడుతూ పాడిన పాట సౌలును ఎక్కడికి తీసుకెళ్ళిందో చదివాం. స్పెషల్ సాంగ్ పాడి, వీడియో తీయించుకుని, ఎంతమంది చూశారో లెక్కపెట్టుకునే రోజులివి. దానికి నా దగ్గర పూర్తి మందు లేదు. చప్పట్లు వద్దన్నది, ఫోన్లు బయటి బుట్టలో పెట్టమన్నది అందుకే. పాడే అమ్మాయిని ముందు వేదిక మీద కాకుండా పక్కన, ఆర్గాన్ దగ్గర, జనానికి సగం కనబడేలా నిలబెడతాం. అయినా గర్వం రావచ్చు. అయితే మైకు పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడే నాకు రాని గర్వం పదిహేడేళ్ళ పిల్లకు వస్తుందని ముందే భయపడటం న్యాయం కాదు. ఆ ముసలమ్మగారిని కూర్చోబెట్టింది ఆమె గర్వమా, నాదా?

యూత్ నిద్రపోతారన్న మాటకు జవాబు: పోనివ్వండి. వారమంతా కోచింగ్‌లు, షిఫ్టులు. దేవుని మందిరంలో ఒక గంట నిద్రపోతే నేను లేపను.

పాడే అమ్మాయి ఆ ముసలమ్మగారి మనుమరాలు, ఇంటర్ చదువుతోంది. ఆర్గాన్ వాయించేది రిటైరైన మాస్టారు, చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చుకున్నారు. అమ్మాయి శ్రుతి అయిదు. కీబోర్డు అయితే బటన్ నొక్కి శ్రుతి మారుస్తాం. ఈ పెట్టెలో ఆ వీలు లేదు, మాస్టారే వేళ్ళు మార్చుకోవాలి. డెబ్బై దాటిన వేళ్ళు. నెల రోజులుగా రోజూ సాయంత్రం సాధన చేస్తున్నారు. ఆయన తొక్కలేనప్పుడు పక్కన కూర్చుని తొక్కడానికి తోలు కుట్టిన తాతగారి మనుమడు వస్తున్నాడు. మొదట్లో వాడు పాట వేగానికి తొక్కేవాడు, ఇప్పుడు గాలి అయిపోతుందని పెట్టె చెప్తే తొక్కుతున్నాడు.

మొత్తం ఎనిమిది కీర్తనలు. చివరిది ముసలమ్మగారిది. ఆ బాణీ ఎక్కడ దొరికిందని అడుగుతారు. అమ్మాయి ఫోన్లో ఒక రికార్డింగ్ ఉంది, వంటింట్లో నానమ్మ పాడుకుంటుండగా సరదాకు తీసింది. మధ్యలో కుక్కర్ మూడు విజిళ్ళు వేస్తుంది. చివరి చరణం సగంలో ఎవరో పిలిస్తే ఆమె "ఆఁ, వత్తన్నాను" అని పాట ఆపేసి వెళ్ళిపోతారు. అక్కడితో రికార్డింగ్ అయిపోయింది. ఆ చరణంలో ఆమె బాణీ మార్చి పై స్థాయికి ఎత్తేవారని మా అందరికీ గుర్తుంది. ఎలా ఎత్తేవారో ఎవరికీ గుర్తు లేదు. కట్టి పాడించవచ్చని మాస్టారు అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. అక్కడికి వచ్చేసరికి తాను ఆగిపోతుందట, మిగతా సగం ఆర్గాన్ ఒక్కటే మామూలు బాణీలో వాయించాలట.

కూటం సాయంత్రం ఆరున్నరకు. కరెంటు పోయినా ఆగదు, పెట్టెకు కరెంటు అక్కర్లేదు. ముసలమ్మగారి పుట్టిల్లు పెందుర్తి వైపు. అటు సంఘాల్లో పెద్దవాళ్ళు ఎవరికైనా ఆ చరణం ఎత్తుగడ గుర్తుంటే శుక్రవారం లోపు నాకు ఫోన్ చేయండి. ఫోన్లోనే పాడినా సరే, అమ్మాయిని పక్కన కూర్చోబెడతాను.